లీజులో ప్రీమియం కారు చవకే, కానీ ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 37. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 42 లక్షలు, చేతికి నెలకు 2.30 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఇంకా 68 లక్షలు ఉంది. ఆ ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది, ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకు 1.55 లక్షలు. ఇవి కాక సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది) 30,000. బ్యాంకులో 1.60 లక్షలు ఉన్నాయి. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ తప్ప వేరే పాలసీలు లేవు. పాత కారు లోన్ గత నెలతో తీరింది. ఇప్పుడు కంపెనీ లీజు పథకంలో 54 లక్షల కారు తీసుకోవాలని ఉంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపి నెలకు లక్ష అద్దె, ఐదేళ్లు. చివర్లో 18 లక్షలు కడితే కారు నాది. ఖరీదైన కారుకే లీజు లాభమని కొలీగ్స్ అంటున్నారు. డబ్బు చాలని నెలల్లో ఫీజుల కోసం 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, బోనస్‌తో తీర్చేస్తాను. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: మీ కొలీగ్స్ లెక్క తప్పు కాదు. మీ ప్లాన్ తప్పు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఈ పథకంలో కారును కంపెనీ లీజుకు తీసుకుని మీకిస్తుంది, అద్దె మీ జీతంలోంచి కోస్తుంది. కంపెనీ ఇచ్చిన కారును సొంత పనులకూ వాడుకుంటే, పన్ను కోసం మీ ఆదాయానికి కలిపే దాని విలువను కారు ధరను బట్టి కాదు, ఇంజిన్ సైజును బట్టి చూస్తారు. 2025-26లో నిర్వహణ ఖర్చు కంపెనీదైతే ఈ విలువ 1.6 లీటర్ల లోపు ఇంజిన్‌కు నెలకు 1,800, అది దాటితే 2,400గా ఉండేది. డ్రైవర్‌ను కూడా ఇస్తే మరో 900. బీఎండబ్ల్యూ ఎక్స్1 పెట్రోల్ ఇంజిన్ 1.5 లీటర్లే కాబట్టి దానికి 1,800. అంతకంటే ఎంతో తక్కువ ధర ఉన్న ఇన్నోవా క్రిస్టా డీజిల్‌ది 2.4 లీటర్లు కాబట్టి దానికి 2,400! అద్దె మాత్రం పన్ను వేయకముందే జీతంలోంచి పోతుంది. కొత్త పన్ను విధానంలోనూ ఇంతే. అందుకే కారు ఖరీదు పెరిగేకొద్దీ ఆదా అయ్యే పన్ను కూడా పెరుగుతుంది.

మీ విషయానికే వద్దాం. సెస్‌తో కలిపి మీరు 31.2 శాతం పన్నులో ఉన్నారు. 2025-26 లెక్కన లక్ష అద్దె మీద నెలకు సుమారు 30,600 పన్ను తగ్గుతుంది. అంటే చేతికొచ్చే జీతంలో తగ్గేది 69,400. ఐదేళ్లకు 41.6 లక్షలు, చివర్లో కట్టే 18 లక్షలతో కలిపి దాదాపు 60 లక్షలు. ఇదే కారును 10 లక్షల డౌన్ పేమెంట్‌తో, మిగతాది 9 శాతం లోన్‌తో కొంటే ఈఎంఐ 91,000 దాటుతుంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌కు నెలకు 14,000 వేసుకున్నా ఐదేళ్లకు 73 లక్షలు అవుతుంది. లీజులో 13 లక్షలు మిగులుతున్న మాట నిజమే.

కానీ ఈ పోలిక 54 లక్షల కారు కొని తీరాల్సిన వాళ్లకు. మీరు కొని తీరాల్సిన అవసరం ఏముంది? 30,600 పన్ను తప్పించుకోవడానికి నెలకు 69,400 ఖర్చు పెడుతున్నారు. దాంతో మీకు మిగిలేది 1.60 లక్షలు, ఇంటి ఖర్చు 1.55 లక్షలు. ఇక సిప్‌కు డబ్బెక్కడిది? పర్సనల్ లోన్ తెచ్చి పిల్లల ఫీజు కట్టి, ఇంకోపక్క సిప్ వేయడమంటే అప్పు చేసి పొదుపు చేయడమే. ఇంకా రాని బోనస్‌ను నమ్ముకుని అప్పు చేయకండి. ఆ 4 లక్షల లోన్ ఆలోచన ఈరోజే మానేయండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మీ బ్యాంకులో ఉన్న 1.60 లక్షలు. అది ఒక్క నెల ఖర్చు. లీజు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయినా, మీరే మానేసినా, చాలా ఒప్పందాల్లో ఫోర్‌క్లోజర్ చార్జీలు (గడువుకు ముందే లీజు ముగించినందుకు వేసే రుసుము) కట్టి కారు తిరిగివ్వాలి, లేదా మిగిలిన విలువ మొత్తం కట్టి కొనుక్కోవాలి. కొత్త కంపెనీకి బదిలీ చేసుకోవడం అన్నిచోట్లా కుదరదు. 2023లో ఐటీ ఉద్యోగాలు పోయినప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒకాయన పరిస్థితి ఇదే. జీతం ఆగింది, ఆఫీసు హెల్త్ కవర్ ఆగింది, అదే నెలలో లీజు తెంచుకోవడానికి లక్షల్లో బిల్లు వచ్చింది. పక్కన డబ్బు లేక భార్య బంగారం తాకట్టు పెట్టారు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండి ఉంటే ఆ ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు.

మీకు ఆరు నెలలంటే 9.30 లక్షలు. ఇంకా 7.70 లక్షలు కావాలి. పాత కారు లోన్ తీరింది కదా, దాన్నే ఇంకో ఏడాది నడపండి. సిప్ కూడా ఆపి నెలకు 75,000 పక్కన పెడితే 11 నెలల్లో చేరుకుంటారు. మ్యూచువల్ ఫండ్ సలహాదారులు సిప్ ఆపొద్దంటారు, మీ విషయంలో నేను ఒప్పుకోను. ఈ ఆరు నెలల నిధి సేవింగ్స్, ఎఫ్‌డీ, లిక్విడ్ ఫండ్‌లలోనే (కావాలన్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్‌లు) ఉండాలి.

ఇంకోటి, 68 లక్షల అప్పు, మీ జీతం మీదే బతికే ఐదుగురు ఉండి టర్మ్ పాలసీ (మీకేదైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోవడం చాలా ప్రమాదం. రెండు కోట్లకు ఈ నెలలోనే తీసుకోండి. కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఈ ప్రీమియంల వల్ల నిధి చేరడం ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా పర్వాలేదు.

నిధి నిండాక 20 లక్షల కారును ఇదే పథకంలో తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కూడా సంతకానికి ముందు హెచ్ఆర్‌ను రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. 18వ నెలలో ఉద్యోగం మానేస్తే నేను కట్టాల్సింది రూపాయల్లో ఎంత? కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి, దాని కింద కారు మీద లెక్కించే విలువ పెరిగితే మధ్యలో బయటికి రావచ్చా? ఈ రెండింటికీ అంకెలతో జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.