రెనొవేట్ చేసిన ఫ్లాట్ తీసుకునే ముందు కింది ఇంటి తలుపు తట్టండి

మొత్తం కొత్తగా చేయించిన ఫ్లాట్ దొరికింది, చుట్టూ నాలుగైదు భాషల వాళ్లున్నారు, ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది, ఓనరు రెండు రోజుల్లో ఏ సంగతో చెప్పమంటున్నారు, తీసుకోవచ్చా అని మీరు అడిగారు. ఇలాంటి ఇంట్లోనే మేం మూడేళ్లు ఉన్నాం. చుట్టూ వేరే భాషల వాళ్లున్నారని మాత్రం వెనకాడకండి. చూసుకోవాల్సింది ఆ కొత్త టైల్స్ వెనక ఏముందో.

మేం ఆ ఇల్లు చూసినప్పుడు బాత్రూమ్ దగ్గరే మనసు పారేసుకున్నాం. తెల్లటి టైల్స్, మెరిసే ట్యాపులు, గోడ మీద మరక అన్నది లేదు. మర్నాడే అడ్వాన్సు ఇచ్చేశాం. రెండో నెలలో బాత్రూమ్‌ని ఆనుకున్న పడగ్గది గోడ మీద, నేలకి జానెడు ఎత్తులో, పెయింట్ చిన్న బుడగలా ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. పెచ్చు ఊడి, దాని వెనక తెల్లటి ఉప్పులాంటి పొడి రాలింది. గోడలోని నీరు పైకొచ్చి ఆరిపోతూ తనతో తెచ్చిన లవణాల్ని అక్కడే వదిలేస్తుందట. కొత్త పెయింట్ వల్ల ఏదో అయిందనుకుని మేం పట్టించుకోలేదు.

ఆ వారంలోనే కింది ఇంటి పెద్దావిడ మా తలుపు కొట్టారు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నా చెయ్యి పట్టుకుని వాళ్ల బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి పైకి చూపించారు. సరిగ్గా మా బాత్రూమ్ కింద, సీలింగ్ మీద పళ్లెమంత మరక. అంచుల్లో ముదురు గోధుమ రంగు, మధ్యలో ఇంకా తడి. తర్వాత వాళ్ల అబ్బాయి వచ్చి చెప్పాడు, ఆ మరక మేం రాకముందు నుంచీ ఉందని. పాత టైల్స్ తియ్యకుండా వాటి మీదే కొత్తవి అతికించారు, పైపులు మాత్రం పాతవే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క అంతస్తు దిగి అడిగుంటే నాకు ఆరోజే తెలిసిపోయేది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

కాబట్టి ముందు కింది ఇంటికి వెళ్లండి. భాష రాకపోయినా ఫర్వాలేదు, ఫోన్‌లో అనువాదం చేసే యాప్ చాలు. లీకేజీ ఉందా, పనులు ఎన్నాళ్లు జరిగాయి, ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు, ఈ మూడూ అడగండి. ఆ తర్వాత మీ ఫ్లాట్‌లో ట్యాపులన్నీ ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కి, పది నిమిషాలు వదిలేయండి. నీళ్ల ధార తగ్గుతోందా, నేల మీద నీళ్లు డ్రెయిన్ వైపే పోతున్నాయా చూడండి. సింక్ కింద చెయ్యి పెట్టి పైపు జాయింట్లు తడిమి చూడండి. టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టండి, డొల్ల శబ్దం వస్తే దాని కింద సిమెంటు సరిగ్గా పట్టలేదని అర్థం. ఇల్లంతటిలో ఒక్క గోడకే కొత్త రంగు వేసుంటే ఎందుకని అడగాల్సిందే.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం, పాప ఉంది కదా. స్విచ్‌లు కొత్తవైనంత మాత్రాన లోపలి వైరింగ్ కొత్తది అయిపోదు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, ఉందో లేదో చూడండి. ఇళ్లల్లో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటుని క్షణంలో ఆపేసేది అదే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, ఓనరు ముందే నొక్కించండి, ట్రిప్ అవ్వాలి, అంటే కరెంటు ఆగిపోవాలి. ఎర్తింగ్ ఉందో లేదో ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే టెన్షన్ ఉండదు.

కొత్త పెయింట్, ప్లైవుడ్ అల్మారాల వాసన కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్లైవుడ్ అతికించే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు వస్తుంది, ఎండకీ ఉక్కకీ ఇంకా ఎక్కువ వస్తుంది. కుదిరితే కొన్ని వారాలు ఆగి చేరండి. కుదరకపోతే కిటికీలు తెరిచే ఉంచండి, పాపని కొత్త అల్మారా ఉన్న గదిలో పడుకోబెట్టకండి.

ఇక ఇరుగుపొరుగు. రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లి కాసేపు కూర్చోండి. పై ఇంటి అడుగుల చప్పుడు ఎంత వినిపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు పగలు పడుకుంటారు, పాప ఏడిస్తే ఏమనుకుంటారోనని మీకు ఉంటుంది. చేరిన రోజే వెళ్లి పలకరిస్తే చాలావరకు సర్దుకుపోతారు. మా అమ్మాయి ఆ మెట్ల మీదే మూడు భాషల్లో అంకెలు నేర్చుకుంది. మేం ఇల్లు మారేరోజు ఆ పెద్దావిడ దాన్ని ఎత్తుకుని ఆటో దాకా వచ్చారు. ఇప్పటికీ వీడియో కాల్ చేస్తుంటారు.

అగ్రిమెంట్‌లో ఏమేం మార్చారో రాయించుకోండి: పైపులు, వైరింగ్, వాటర్‌ప్రూఫింగ్. గోడ లోపలి లీకేజీ వస్తే ఖర్చు ఓనరుదేనని స్పష్టంగా ఉండాలి. తాళాలు తీసుకునే రోజే ప్రతి గదీ వీడియో తీసి ఓనరుకి పంపండి. రెండు రోజుల టైమ్ దీనికి సరిపోతుంది. రేపు సాయంత్రం కింది ఇల్లు, ఎల్లుండి ఎలక్ట్రీషియన్. పైపులు ఎప్పుడు మార్చారని అడిగితే ఓనరు మాట దాటేస్తే మాత్రం ఆ ఫ్లాట్ వదిలేయండి, పాపతో ఆ తడి గోడల మధ్య మీరు ఉండలేరు.