అడుగు దాటి పెరగని బాస్ చేపలు: కొత్త పిల్లలను వదలడం మందు కాదు

ఎకరం విస్తీర్ణమున్న సొంత చెరువులో రెండేళ్ల క్రితం 200 లార్జ్‌మౌత్ బాస్ (ఇతర చేపలను తిని బతికే పెద్ద నోటి చేప) పిల్లలనూ, వాటి మేత కోసం ఓ వంద బ్లూగిల్ అనే చిన్న జాతి చేపలనూ వదిలానని, ఇప్పుడు గాలానికి పడుతున్న ప్రతి బాస్ 25 నుంచి 30 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయిందని, మేలు రకం పిల్లలను మరికొన్ని తెచ్చి వదిలితే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. దయచేసి వదలకండి. సరిగ్గా ఆ పనే చేసి నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను.

నా చెరువు కూడా ఎకరానికి కాస్త అటూఇటుగా ఉంటుంది. బాస్ మీద మోజుతో ముందు వాటిని వదిలి, మేత చేపల సంగతి తరువాత చూసుకోవచ్చనుకున్నాను. ఎదుగుదల కనిపించకపోయేసరికి పిల్లల నాణ్యతను అనుమానించి రెండోసారి కూడా కొని వదిలాను. మూడో ఏడు ఒక ఉదయం గాలానికి పడిన చేపను తడి చేత్తో పట్టుకుని తీరిగ్గా చూసినప్పుడు గాని అసలు విషయం బోధపడలేదు. తల ఆ ఒంటికి నప్పనంత పెద్దదిగా ఉంది, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. కొలిస్తే 30 సెంటీమీటర్లు వచ్చింది, తూస్తే 280 గ్రాములే వచ్చింది. ఆ పొడవున్న బాస్ ఒళ్లు చేసి ఉంటే సుమారు 380 గ్రాములు తూగాలి. అంటే నా చేప జాతి తక్కువదీ కాదు, జబ్బుదీ కాదు, అది పస్తులుంటోంది.

బాస్ ఒక కిలో బరువు పెరగడానికి దాదాపు పది కిలోల మేత చేపలను తినాలన్నది చెరువుల పెంపకంలో వాడుకలో ఉన్న లెక్క. ఒక చెరువు మోయగలిగిన మొత్తం బాస్ బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఆ బరువు కొద్దిపాటి పెద్ద చేపలుగా ఉండాలా, వందల కొద్దీ బక్క చేపలుగా ఉండాలా అన్నదే మన చేతిలో ఉంటుంది. మీరు వదిలిన 200 బాస్‌లు ఇప్పటికే ఒకసారి ఈని ఉంటాయి కనుక, నీటిలో ఉన్న నోళ్ల సంఖ్య మీరు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువ.

ఇక్కడ నన్ను బాగా తప్పుదారి పట్టించిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ మూడేళ్లూ నా చెరువులో అరచేయంత బ్లూగిల్ చేపలు పడుతుండేవి. మేత పుష్కలంగా ఉందనడానికి ఇంతకంటే రుజువేమిటని నేను సంబరపడేవాణ్ణి. నిజానికి అది కరువుకు గుర్తు. బాస్ తన ఎరను నమలదు, మింగుతుంది. తన పొడవులో మూడో వంతుకు మించని చేపలే దానికి అనువైన మేత. బాస్ కిక్కిరిసిన చెరువులో పిల్ల బ్లూగిల్ అన్నీ ఎప్పటికప్పుడు చెల్లిపోతాయి, బతికి బయటపడిన కొన్నింటికి పోటీ లేక అవి దిట్టంగా పెరుగుతాయి. నోట పట్టని మేత ఎంత ఉన్నా బాస్‌కు ఒరిగేదేమీ లేదు. మీ చెరువులోనూ పెద్ద బ్లూగిల్, బక్క బాస్ పడుతుంటే మీ సమస్య ఇదేనని నమ్మవచ్చు.

కొత్త చెరువులో పాటించాల్సిన వరస అమెరికాలోని అలబామా రాష్ట్రం ఆబర్న్‌లో మత్స్య శాస్త్రవేత్త హోమర్ స్వింగిల్ 1930ల నుంచి సాగించిన చెరువుల పరిశోధన ఆధారంగా స్థిరపడింది: నీటిలో సూక్ష్మ నాచును పెంచే ఎరువు వేయని ఎకరం చెరువుకు శరదృతువులో 500 పిల్ల బ్లూగిల్, తరువాతి వేసవి మొదట్లో 50 పిల్ల బాస్, ఎరువు వేసే చెరువైతే ఈ రెండు అంకెలూ రెట్టింపు. ముందు వచ్చిన బ్లూగిల్ నీరు బాగా వెచ్చబడ్డాక వేసవి పొడుగునా మళ్లీ మళ్లీ గుడ్లు పెడతాయి. బాస్ మాత్రం నీరు 16 నుంచి 18 డిగ్రీలకు చేరే వసంతంలో ఏడాదికి ఒక్క కాన్పుతో సరిపెట్టుకుంటుంది. ఈ తేడాయే మనకు కలిసివచ్చే అంశం.

మీ చెరువు ఆ దశ దాటిపోయింది కాబట్టి మీరు చేయాల్సింది తీసివేత. 35 సెంటీమీటర్ల లోపు బాస్ పడితే తిరిగి వదలకండి. సారవంతమైన నీటిలో ఏడాదికి ఎకరానికి సుమారు పది కిలోలు, ఎరువు లేని నీటిలో అందులో సగం తీయడం మామూలే. మీలా కిక్కిరిసిన చెరువులో మొదటి రెండేళ్లు ఆ లెక్కకు మించే తీయాల్సి వస్తుంది. పట్టిన చేపను వదిలిపెట్టడమే మంచితనమన్న అలవాటు నాకు బాగా అడ్డొచ్చింది. మొదటి నెలంతా మొహమాటంగా రెండు తీసి పది వదిలేవాణ్ణి. దానితో పాటు 12 నుంచి 15 సెంటీమీటర్ల బ్లూగిల్‌ను కొన్ని వదలండి. ఇప్పుడున్న బాస్‌లు వాటిని మింగలేవు, అవి మాత్రం పిల్లలను పెడతాయి. ఫ్యాట్‌హెడ్ మిన్నోలనే చిన్న మేత చేపలను వదలడం ఈ దశలో వృథా, కొద్ది వారాల్లో ఖాళీ అవుతాయి. బ్లూగిల్‌కు గుళికల మేత వేస్తే అవి ఎక్కువ పిల్లలను పెడతాయి, ఆ లాభం బాస్‌కు అందుతుంది. క్రాపీ అనే మరో జాతి చేపలను మాత్రం ఎవరు ఉచితంగా ఇస్తామన్నా ఇంత చిన్న చెరువులో వేయకండి.

నీటి విషయంలో, తెల్ల పళ్లెం లాంటి దాన్ని కర్రకు కట్టి నీటిలో దించితే 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు వరకు కనిపించేంత లేత ఆకుపచ్చదనం మంచిది. అంతకంటే చిక్కబడితే తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోతుంది. ఒక మబ్బు పట్టిన వారంలో నా చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం చూశాకే గాలి యంత్రం పెట్టించాను. నీటి క్షారత లీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే ముందు వ్యవసాయ సున్నం వేయాలి, లేకపోతే ఎరువు పనిచేయదు. కలుపు చెరువులో పావు వంతు దాటనివ్వకండి, పిల్ల బ్లూగిల్ అందులో దాక్కుని బాస్‌కు దొరకవు.

మరో మాట: ఈ చేప ఉత్తర అమెరికాది. దాని సొంత నీళ్లు కాని చోట స్థానిక చేపలను తినేస్తుంది, అందుకే జపాన్‌లో 2005 నుంచి దాన్ని పెంచడం, తరలించడం చట్టం ప్రకారం నిషిద్ధం. ఇకపై ఏది వదలాలన్నా మీ ప్రాంతపు మత్స్యశాఖ నిబంధనలు చూసుకోండి, వరదకు చేపలు బయటికి పోకుండా అలుగుకు జాలీ బిగించండి.

తీసివేత మొదలుపెట్టిన రెండో వేసవి చివర నాకు 40 సెంటీమీటర్ల బాస్ ఒకటి పడింది, 950 గ్రాములు తూగింది. రెండోసారి కొని వదిలిన పిల్లల్లోది కాదని చెప్పలేను గానీ, అదే నీరు, అదే జాతి. మీరు ఈ వారంలో ఓ పది బాస్‌లను పట్టి ఒక్కొక్కదాని పొడవు, తూకం విడివిడిగా రాసి ఇక్కడ పెట్టండి. దాన్ని బట్టి ఈ ఏడు ఎన్ని కిలోలు తీయాలో లెక్క కట్టవచ్చు.