కొత్త సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ నడుస్తోంది, ఇంటి నుంచి మాత్రం ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’

కూకట్‌పల్లి ఆఫీసులో పాత సిస్టమ్ మీదున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో కొత్త ఉబుంటు సర్వర్‌కి మార్చానన్నారు. సర్వర్‌లోకి లాగిన్ అయి చూస్తే బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ చూసే డీబీవర్ యాప్ మాత్రం మొదట ‘టైమ్‌డ్ అవుట్’ అని, ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్ అయిన సెక్యూరిటీ గ్రూప్‌లో పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు తెరిచాక ‘రెఫ్యూజ్డ్’ అని అంటోంది. ఫైర్‌వాల్ మొత్తం తీసేసి చూడనా అని అడిగారు.

వద్దండీ. ఎర్రర్ మారిందంటే మీరు ఒక మెట్టు ఎక్కినట్టే. సెక్యూరిటీ గ్రూప్ గానీ, ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ గానీ అడ్డుపడితే మామూలుగా జవాబేమీ రాదు, డీబీవర్ ఎదురుచూసి ఎదురుచూసి టైమ్‌డ్ అవుట్ అంటుంది. రెఫ్యూజ్డ్ అంటే సర్వర్ దాకా వెళ్లారు, ఆ అడ్రస్ మీద ఆ పోర్టులో వినేవాళ్లే లేరని సర్వరే చెప్పింది. కాబట్టి ఇక చూడాల్సింది పోస్ట్‌గ్రెస్ సెట్టింగులే.

సర్వర్‌లో ‘ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్‌పీ’ కమాండ్ కొట్టి 5432 ఉన్న వరస చూడండి. దాని ముందు 127.0.0.1, అంటే ఆ మెషిన్ తనకు తానే అనే అడ్రస్, ఉంటే దొరికినట్టే. పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేయగానే తన మెషిన్ లోపలి వాళ్ల మాటే వింటుంది, అందుకే లోపల పలికి బయట పలకలేదు. కాన్ఫిగ్ ఫైల్‌లో ‘లిజన్ అడ్రసెస్’ అనే లైన్ మార్చాలి. చాలామంది విలువ మారుస్తారు, లైన్ మొదట్లో ఉన్న హ్యాష్ గుర్తు తీయరు. అది ఉన్నంతవరకూ ఆ లైన్ లేనట్టే లెక్క. ఇంకోటి, అక్కడ మీ పబ్లిక్ ఐపీ పెట్టకండి. క్లౌడ్ మెషిన్‌కి తెలిసింది దాని ప్రైవేట్ ఐపీ ఒక్కటే, పబ్లిక్ ఐపీ రాస్తే ‘కెనాట్ అసైన్’ అని లాగ్‌లో పడుతుంది. నక్షత్రం గుర్తు గానీ ప్రైవేట్ ఐపీ గానీ పెట్టండి. ఈ మార్పుకి రీలోడ్ చాలదు, రీస్టార్ట్ చేయాల్సిందే. అప్పటికీ మారకపోతే పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు రెండు ఉన్నాయేమో చూడండి, ఉబుంటులో రెండోది 5433 మీద కూర్చుంటుంది.

ఆ తర్వాత ‘నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ’ అని రావచ్చు. కంగారు పడకండి, ఆ మెసేజ్‌లోనే సర్వర్‌కి కనిపిస్తున్న మీ ఐపీ, యూజర్, డేటాబేస్ పేర్లుంటాయి. వాటితోనే, ఎవరిని రానివ్వాలో రాసుండే హెచ్‌బీఏ ఫైల్‌లో ఒక లైన్ రాసి రీలోడ్ చేస్తే చాలు. ‘ట్రస్ట్’ అని మాత్రం రాయొద్దు, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపేస్తుంది.

పాస్‌వర్డ్ కరెక్టే అయినా ఫెయిల్ అంటోందా? పాత సిస్టమ్ నుంచి యూజర్లను కూడా డంప్ చేసి తెచ్చుంటే వాళ్ల పాస్‌వర్డులు ఎండీ5 అనే పాత రూపంలోనే వచ్చుంటాయి, 14వ వెర్షన్ నుంచి కొత్తవాటికి డీఫాల్ట్ స్క్రామ్ అనే రూపం. హెచ్‌బీఏ లైన్‌లో స్క్రామ్ అని ఉంటే ఎండీ5 పాస్‌వర్డ్ చెల్లదు. సర్వర్‌లో అదే పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేయండి. ‘అథెంటికేషన్ టైప్ 10’ అని వస్తే మాత్రం డీబీవర్ పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడటానికి వాడే డ్రైవర్ పాతది, జేడీబీసీ డ్రైవర్ 42.2.0 గానీ ఆపైది గానీ కావాలి.

ఇదంతా చెప్పాను గానీ, మీ స్థానంలో నేనుంటే 5432 బయటికి తెరవనే తెరవను. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ డేటాబేస్ ఇలాగే క్లౌడ్‌కి మార్చి ఇచ్చాను. వాళ్ల ఐపీకి మాత్రమే పోర్టు తెరిచాం. బాగానే నడిచేది, కరెంటు పోయి వచ్చిందంటే చాలు టైమ్‌డ్ అవుట్. సర్వర్ పడిపోయిందని సేటు ఫోన్ చేసేవారు. కౌంటర్ ముందు గిరాకీ నిలబడి ఉంటే ఆయన గొంతులో ఆందోళన వినలేకపోయేవాణ్ని. రూటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారుతోంది, సెక్యూరిటీ గ్రూప్‌లో పాతదే ఉంటోంది.

చివరికి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ పెట్టాం, అంటే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారిలోనే డేటాబేస్ కనెక్షన్‌నీ పంపడం. దానికి 22వ పోర్టు తెరిచి, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీ ఫైల్ ఉన్నవాళ్లనే రానిచ్చాం. మీ డీబీవర్‌లోనూ కనెక్షన్ సెట్టింగుల్లో ఎస్ఎస్‌హెచ్ అనే ట్యాబ్ ఉంది. అందులో సర్వర్ పబ్లిక్ ఐపీ, యూజర్, కీ ఫైల్ ఇచ్చి, మెయిన్ పేజీలో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని పెట్టండి. అప్పుడు లిజన్ అడ్రసెస్ ముట్టుకోనక్కర్లేదు, 5432 కోసం తెరిచిన రూల్ కూడా తీసేయొచ్చు.