ఫుకెట్‌లో పుట్టిన బాబుకు కావలి బర్త్ సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది కావలి. కొన్నేళ్లుగా థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో, పటాంగ్ బీచ్ దగ్గర ఉంటున్నాం. మా ఆయన ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట మాస్టర్. పెద్దపాప నెల్లూరులో పుట్టింది. బాబు ఇక్కడి ఆస్పత్రిలో పుట్టాడు, వాడికిప్పుడు ఏడాదీ ఏడు నెలలు. ఇక్కడి ఆఫీసులో జననం నమోదు చేయించి, అది చాలనుకున్నాం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా టూరిస్టుల రద్దీ, మా ఆయనకు తిండి తినే తీరిక కూడా ఉండదు. ఎంబసీ పని రేపు మాపు అంటూ ఉండిపోయింది. ఊళ్లో అత్తగారికి ఒంట్లో బాగాలేదు. మనవణ్ణి చూపించమని ఫోన్లో ఏడుస్తున్నారు. బాబుకు పాస్‌పోర్టు లేదు. ఇంట్లో రోజూ గొడవలే. బాబు కావలిలోనే పుట్టినట్టు తెలిసినవాళ్ల చేత సర్టిఫికెట్ తీయించి పంపుతానని మా మరిది అంటున్నాడు. అలా చేయవచ్చా? ఇంత నిర్లక్ష్యం చేసిన మా ఆయన మీద చర్య తీసుకునే వీలుందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది: ఏడాదీ ఏడు నెలలు.

తల్లిదండ్రులిద్దరూ ఇండియన్లయితే బిడ్డ ఎక్కడ పుట్టినా ఇండియనే అని చాలామంది నమ్ముతారు. చట్టం అలా లేదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రకారం, 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతితోనే నమోదు చేస్తారు. మీరు చేయించింది థాయ్ ప్రభుత్వ నమోదు మాత్రమే. తాత్కాలిక వీసా మీద ఉన్న విదేశీయులకు పుట్టిన బిడ్డకు థాయ్‌లాండ్ తన పౌరసత్వం ఇవ్వదు. అంటే ఈరోజు కాగితాల మీద మీ బాబు ఏ దేశం వాడూ కాడు. టూరిస్టుల సీజన్ ఆర్నెల్లే కదా, మిగతా ఆర్నెల్లు ఏం చేశారు?

మీ ఆయన మీద చర్య మాట వదిలేయండి. నమోదు చేయించాల్సిన బాధ్యత తల్లికీ ఉంది. ఇప్పుడు పెట్టాల్సిన దరఖాస్తు ఇద్దరూ కలిసి నడిపించాల్సింది. గొడవ పెంచుకుంటే అదీ ఆగుతుంది.

ఇక మీ మరిది సలహా. దాని జోలికి పోవద్దు. కావలిలో పుట్టిన బిడ్డ పాస్‌పోర్టు లేకుండా, వీసా లేకుండా ఫుకెట్‌కు ఎలా వచ్చాడని ఎంబసీ అధికారి మొదట అడుగుతాడు. ఏం చెబుతారు? బాబు పుట్టిన రోజున మీరు ఏ దేశంలో ఉన్నారో మీ పాస్‌పోర్టు మీది ముద్రలే చెబుతాయి. ఆస్పత్రి రికార్డూ, థాయ్ జనన నమోదూ ఎలాగూ ఉన్నాయి. అబద్ధపు సమాచారంతో పాస్‌పోర్టు తీసుకుంటే 1967 పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వచ్చిన పాస్‌పోర్టును రద్దు చేస్తారు. దొంగ సర్టిఫికెట్ పుట్టించినందుకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) కింద కేసు వేరే, అందులో మీ మరిదీ ఉంటాడు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ, ఆధార్‌కూ, పాస్‌పోర్టుకూ, రేపు ఓటుకూ పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసేది బర్త్ సర్టిఫికెట్టే. ఆ అబద్ధం బాబును జన్మంతా వెంటాడుతుంది.

చేయాల్సింది ఇది. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయంలో ఆలస్యపు జనన నమోదుకు వెంటనే దరఖాస్తు పెట్టండి. బాబుకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని మీరిద్దరూ రాసివ్వాలి. బాబు పుట్టిన రోజుకు మీలో ఒక్కరైనా భారత పౌరులని రుజువు కావాలి. కాబట్టి ఆనాటి పాస్‌పోర్టులు, రద్దయినవైనా సరే, పారేయకండి. థాయ్ జనన ధృవపత్రానికి ఇంగ్లీషు అనువాదం చేయించి, ఆ దేశ విదేశాంగ శాఖ చేత ధృవీకరణ వేయించండి. అనేక దరఖాస్తులు దెబ్బతినేది ఇక్కడే. మన ఇంటిపేర్లు, పేర్లు థాయ్ లిపిలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి స్పెల్లింగు మారిపోతుంది. అనువాదకుడి ముందు మీ పాస్‌పోర్టులు పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. వివాహ నమోదు పత్రం, మీ ఆయన వర్క్ పర్మిట్, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం కూడా జతచేయండి.

ఆలస్యానికి కారణం నిజమే రాయండి. స్థానిక నమోదు చాలనుకున్నామని, ఫలానా నెలలో తెలిసిందని తేదీలతో చెప్పండి. ఎంబసీకి మెయిల్ చేసి ఉంటే దాని ప్రింటు పెట్టండి. అత్తగారి వైద్య రిపోర్టు కూడా పెట్టి, త్వరగా తేల్చమని కోరండి. ఆమె కన్నీళ్లకన్నా ఆ రిపోర్టే అక్కడ పనికొస్తుంది. బాబుకు పాస్‌పోర్టు, వీసా లేకుండా గడిచిన రోజుల సంగతి థాయ్ చట్టం కిందికి వస్తుంది. దానికి ఫుకెట్‌లోనే ఒక లాయరును కలవండి, ఇమిగ్రేషన్ కౌంటర్ దాకా ఆగకండి.

నెలలు గడిచినా జవాబు రాకపోతే హైకోర్టులో రిట్, అంటే అధికారులకు ఆదేశం ఇవ్వమని కోరే పిటిషన్, వేయవచ్చు. అందుకు ఊళ్లో మనిషి కావాలి. మీ మరిది నిజంగా చేయగల సాయం ఇదే. మీ తరఫున పని నడిపేందుకు అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ ఆయన పేర రాసి, ఎంబసీలో ధృవీకరణ చేయించి పంపండి. విదేశంలో రాసిన ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టి స్టాంపు వేయించుకోవాలి. చేరిన తేదీకి రుజువుగా కొరియర్ రసీదు, కవరు భద్రంగా దాచమని ఆయనకు చెప్పండి.