ఇంట్లో తుపాకీ, శిక్ష ముగించుకుని వచ్చే తమ్ముడు

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. ఫెలనీ (తీవ్ర నేరం) కేసులో శిక్ష అనుభవించిన మా తమ్ముడు కొంతకాలం మా ఇంట్లో ఉండబోతున్నాడు. మావారు చట్టబద్ధంగా కొన్న పిస్టల్ పడకగది అల్మరాలో ఉంది. చిక్కులేమైనా వస్తాయా?

జవాబు: రావచ్చు, ముందుగా మీ తమ్ముడికి. ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరంలో దోషిగా తేలిన వ్యక్తి తుపాకీనే కాదు, తూటాలను కూడా కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. 2022 సవరణ తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆయుధం చేతిలో ఉండనక్కర్లేదు. అది అక్కడుందని తెలిసి, దాన్ని అధీనంలోకి తీసుకునే వీలూ ఉద్దేశమూ ఆయనకున్నాయని రుజువైతే చాలు. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు గానీ, తాళంలేని అల్మరా, అందరికీ తెలిసిన చోట వేలాడే తాళంచెవి, హాలు సొరుగులో మరిచిపోయిన తూటాల పెట్టె వంటివి ప్రాసిక్యూటర్‌కు చక్కటి ఆధారాలవుతాయి.

మీవారి హక్కుకు భంగం లేదు. అయితే తమ్ముడిపై నిషేధం ఉందని తెలిసీ ఆయుధం అందిస్తే ఆయనా నేరస్తుడే. ఇలా కలిసి ఉండేవారు తుపాకీని తాళంలోనో, తమ ఒంటిమీదనో ఉంచుకోవాలని కాలిఫోర్నియాలో ప్రత్యేక చట్టమే ఉంది.

తమ్ముడు ఇంకా ప్రొబేషన్ పర్యవేక్షణలో, అంటే కోర్టు షరతుల మీద బయట ఉంటే, తుపాకీ ఉన్న ఇంట్లో ఉండరాదన్న షరతు, ముందస్తు వారంటు లేని సోదాకు అనుమతి ఆ కోర్టు ఉత్తర్వులో ఉండవచ్చు. ముందు దాన్ని చదివించుకోండి. నన్నడిగితే, తమ్ముడు రాకముందే పిస్టల్‌నూ తూటాలనూ ఇల్లు దాటించడమే మేలు. అది కుదరకపోతే మీవారికి మాత్రమే తెరవడం తెలిసిన ఇనప్పెట్టెలో పెట్టి, మీ రాష్ట్రంలోని క్రిమినల్ న్యాయవాదిని సంప్రదించండి.