కొత్తిమీరను ఉప్పునీళ్లలో నానబెడితే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటోంది. అక్కడ పచ్చి ఆకుల ద్వారా సైక్లోస్పోరా అనే పరాన్నజీవి సోకుతోందని, కొత్తిమీర కొనడమే మానేశానని చెప్పింది. నేను మాత్రం మార్కెట్టు నుంచి తెచ్చిన ఆకును ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి వాడతాను. అది సరిపోతుందా? అమ్మాయికి ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ అమ్మాయి భయానికి కారణం ఉంది. 1996లో గ్వాటెమాలా నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీ పండ్ల వల్ల అమెరికా, కెనడాల్లో 1,400 మందికి పైగా ఈ జబ్బు బారిన పడ్డారు. మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రంలో పండిన కొత్తిమీరపై, ఏటా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వర్తించేలా అమెరికా ప్రభుత్వం 2015లో ఆంక్షలు పెట్టింది. మలంతో కలుషితమైన నీరు పంటకు తగలడమే దీనికి మూలం. రోగి నుంచి వెలువడిన క్రిమి బయట వారం, రెండు వారాలు ఉండి పరిపక్వం చెందితే గాని మరొకరికి సోకదు కనుక, జబ్బుపడినవారిని తాకినంత మాత్రాన ఇది రాదు.

ఉప్పు, పసుపు ఈ క్రిమిని చంపుతాయని నమ్మవద్దు. నీటిశుద్ధికి వాడే మోతాదులో క్లోరిన్‌కే అది లొంగదు. పైగా ఒకే గిన్నెలో నానబెడితే ఒక కాడ మురికి మిగిలిన కాడలన్నిటికీ అంటుతుంది. కట్ట విప్పి, వేళ్లు కోసేసి, కుళ్లిన ఆకు తీసేసి, కాడలను విడదీసి, తరిగే ముందే, పారే నీటి కింద కడగండి. కుళాయి రాని వేళ చెంబుతో పోస్తూ కడిగినా సరే. అయితే ఇంత చేసినా క్రిములు తగ్గుతాయే గాని పూర్తిగా పోవు. ఫ్రిజ్‌లో పెట్టినా చావవు.

చంపేది వేడి. అందుచేత ఆకును ఎలా తింటున్నామన్నది ముఖ్యం. నూనెలో బాగా మగ్గించి నూరిన కొత్తిమీర పచ్చడితో భయం లేదు. పచ్చిగా నూరినది, పెరుగు పచ్చడిలో కలిపినది, చాట్ మీద చల్లినది అలా కాదు. మన నెల్లూరు చేపల పులుసులో కూడా, చల్లారాక పైన చల్లే అలవాటు ఉన్నవారు, పులుసు ఉడుకుతుండగానే వేసి నాలుగు పొంగులు రానివ్వడం మేలు. సువాసన కొంత తగ్గుతుందన్నది నిజమే, కానీ జబ్బు వ్యాపిస్తున్న రోజుల్లో ఆ మాత్రం నష్టం భరించవచ్చు. మీ అమ్మాయి కొత్తిమీరను పూర్తిగా మానేయనక్కర లేదు. అక్కడి ఆరోగ్యశాఖ ఫలానా సరుకు వాడవద్దని ప్రకటిస్తే దాన్ని కడిగి వాడే ప్రయత్నం చేయకుండా పారేయాలి, మిగతాది ఉడికించి తినవచ్చు.

ఇక్కడి పచ్చి కూరలతో అమీబా, జియార్డియా, ఏలిక పాములు సోకవచ్చు. పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళితే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ రావచ్చు. మాంసం ముట్టనివారికీ ఈ ముప్పు తప్పదు.

సైక్లోస్పోరా లక్షణాలు సాధారణంగా తిన్న వారం రోజులకు మొదలవుతాయి. నీళ్ల విరేచనాలు, ఆకలి మందగించడం, విపరీతమైన నీరసం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తూ వారాల తరబడి సాగవచ్చు. మామూలు మలపరీక్షలో ఇది తరచు బయటపడదు కాబట్టి, ఈ క్రిమి కోసమే పరీక్షించమని వైద్యుని అడగాలి. సాధారణంగా ఇచ్చే మందు ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.