బీఈడీ ఇంటర్న్‌షిప్‌లో ప్యానెల్‌తో పాఠం: ముందుగా ఏమి నేర్చుకోవాలి?

ప్రశ్న: కందుకూరులో ఉంటూ బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా మెథడాలజీ (బోధించడానికి ఎంచుకున్న సబ్జెక్టు) భౌతిక శాస్త్రం. ఇంటర్న్‌షిప్ చేస్తున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంటరాక్టివ్ ప్యానెల్ (చేత్తో తాకితే పనిచేసే పెద్ద తెర) ఉంది గానీ, దానితో పాఠం చెప్పడం నాకు రాదు. ఫీజు కట్టి ఏదైనా డిజిటల్ టీచింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ప్రస్తుతానికి ఆ ఫీజు కట్టవద్దనే నా సలహా. డీఎస్సీ ఎంపికలో రాత పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇటువంటి సర్టిఫికెట్లకు అందులో చోటు లేదు. ప్రైవేటు పాఠశాలల వారు కూడా డెమో క్లాసు చూసే నిర్ణయం తీసుకుంటారు. మీకు కావలసిన శిక్షణ ఇప్పుడు మీరు చేస్తున్న ఇంటర్న్‌షిప్‌లోనే దొరుకుతుంది.

ప్యానెల్‌లోని సదుపాయాలన్నీ నేర్చుకున్నాకే పాఠం మొదలుపెట్టాలని ఆగకండి. చెప్పబోయే పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో ముందుగా గుర్తించి, అక్కడ తెర అవసరమా కాదా అని తేల్చుకోవడమే అసలైన నేర్పు. పున్యా మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ నమూనా కూడా విషయ జ్ఞానం, బోధన పద్ధతి, సాంకేతిక పరిజ్ఞానం ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలనే చెబుతుంది.

పదో తరగతి కాంతి పాఠాన్నే తీసుకోండి. మొదట పిల్లల చేతికి కుంభాకార కటకం ఇచ్చి, కిటికీ ప్రతిబింబాన్ని తెల్ల కాగితంపై పట్టించండి; ఊచలు తలకిందులుగా పడటం వాళ్లు కళ్లారా చూస్తారు. అయితే వస్తువు నాభికీ (సమాంతర కిరణాలను కటకం చేర్చే బిందువు) కటకానికీ మధ్యకు వచ్చినప్పుడు కాగితంపై ఏమీ ఎందుకు పడదో నల్లబల్లపై గీసిన ఒక్క కిరణ చిత్రంతో చెప్పడం కష్టం. అక్కడ కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్ (తెరపై కదిలించి చూసే ప్రయోగ నమూనా) అక్కరకు వస్తుంది. తెరపై వస్తువును కటకం వైపు జరుపుతూ నాభి దగ్గర ఆపి, ఇంకా లోపలికి జరిపితే ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందని అడగండి. అందరూ నోటుబుక్కులో జవాబు రాసేదాకా తెరను ముట్టుకోవద్దు. ఆ తరువాత జరిపితే, కిరణాలు కలవకుండా విడిపోవడం, వస్తువు ఉన్న వైపే నిటారుగా, పెద్దదిగా మిథ్యా ప్రతిబింబం (కాగితంపై పట్టలేనిది) రావడం వాళ్లకు బోధపడుతుంది. ముందు రాయించకపోతే మాత్రం అది బొమ్మ చూసినట్టే అవుతుంది.

అదే తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్పేటప్పుడు ప్యానెల్ ఆపేయండి. మన తీర మండలాల్లో రొయ్యల చెరువు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే అంకె) చూడటం చాలా ఇళ్లలో తెలిసిన పనే. ఒక సీసాలో చెరువు నీళ్లు, మరోదానిలో నిమ్మరసం పెట్టి, పీహెచ్ కాగితం ముంచి, రంగును పిల్లల చేతనే పోల్చి చూపించండి. ఏ వీడియో కూడా దానికి సాటి రాదు.

కరెంటు, నెట్‌వర్క్ గురించి ఒక మాట. ఫెట్ సిమ్యులేషన్లను డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే దీక్షా (ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక) పాఠాలను ఫోన్‌లో దించుకోవచ్చు. కరెంటు పోతే ఏమి చేస్తారో పాఠ్య పథకంలోనే ఒక వరుస రాసుకోండి.

మీ గైడ్ టీచరుగారిని వెనుక బెంచీలో కూర్చుని, ఎవరు రాస్తున్నారో, ఎవరు ఊరికే తెర చూస్తున్నారో గమనించి చెప్పమని కోరండి. ఆ వ్యాఖ్యలను పాఠ్య పథకాల పక్కనే రాసి దాచుకుంటే, రేపు డెమో క్లాసుకు ఏ పాఠం ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. నాన్నగారికి కూడా ఆ ఫైలే చూపించండి.